ఉప్పునుంతల అరుగు మీద దొరికిన ధైర్యం

"పెద్దమ్మా, నాకు పాలు చాలడం లేదు. సందకాడ పాప గుక్కపట్టి ఏడుస్తుంది. నా వల్ల కావడం లేదు..."

మొన్న మార్గశిరంలో ఓ మంగళవారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు ఫోనులో అన్న మాటలివి. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పాలు చాలడం లేదన్న మాట ప్రతి బాలింత నోటా వింటాం. కానీ "నా వల్ల కావడం లేదు" అన్న మాట విని ఊరుకోలేం కదా!

మా చెల్లెలు పోయి ఆరేళ్లయింది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు నేనే పోశాను. మూడో నెల నిండగానే తొట్టెలతో సహా సారె పెట్టి ఉప్పునుంతలలోని అత్తవారింటికి పంపాను. పంపి పన్నెండు రోజులు కాలేదు, ఈ ఫోను! మర్నాడు బుధవారం పాపకు పద్నాలుగు వారాల టీకాలు కూడా ఉన్నాయి. ఇంట్లో వాళ్లకు రెండు రోజులకు సరిపడా పప్పు, పచ్చడి చేసి పెట్టి, సంచి సర్దుకున్నాను. సంచిలో పాత మెత్తటి చీరల ముక్కలు, ఒక డబ్బాలో కాయం ముద్ద. మనసులో మాత్రం వియ్యపురాలిని నిలదీయడానికి నాలుగు గట్టి మాటలు. అవి సంచి కంటే బరువుగా ఉన్నాయి.

దారి పొడవునా

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద అచ్చంపేట వైపు పోయే బస్సెక్కాను. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఇదివరకైతే ఇలా అనుకున్న గంటలో బయలుదేరగలిగేదాన్నా? పర్సులో ఎంతుందో చూసుకుని, వచ్చే నెలలో చూద్దాంలే అనుకునేదాన్ని.

కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటాక నేల రంగు మారుతుంది. ఎర్ర నేలలు, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు. ఆఖరి పత్తి తీస్తున్న ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని వరసగా కనిపించారు. ఇంకొంచెం ముందుకు పోతే పచ్చటి పల్లీ చేలు. ఇంకా దక్షిణానికి పోతే నల్లమల అడవి, ఆ పైన శ్రీశైలం. ఉప్పునుంతల అంతదూరం కాదు, అడవికి ఇవతలే ఉన్న మండల కేంద్రం. ఇదంతా మొదట మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా అయినప్పుడు దానిలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా ఇక్కడివాళ్లు తమను తాము 'పాలమూరోళ్లం' అనే చెప్పుకుంటారు.

పాలమూరు అనగానే మనకు గుర్తొచ్చేది వలస. వానలు లేక, బోర్లు ఎండిపోయి, ఇక్కడి ఆలుమగలు బొంబాయికీ, పుణేకీ, హైదరాబాదుకూ మట్టి పనికీ, కట్టడాల పనికీ పోయిన కాలం మన కళ్ల ముందరిదే. ఆనకట్టల పనుల్లో, రోడ్ల పనుల్లో 'పాలమూరు లేబరు' అంటే దేశమంతా పేరు. చంటిపిల్లలున్న తల్లులకు ఆ వలసలో రెండే దారులుండేవి. బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి పోవడం, లేదా వెంట తీసుకుపోయి పని దగ్గర చెట్టుకు చీర తొట్టెల కట్టడం. ఈ సంగతి నాకు పేపర్లలో చదివే తెలుసు. దానికీ మా పాప ఏడుపుకూ సంబంధం ఉంటుందని మాత్రం అనుకోలేదు.

సందకాడి ఏడుపు

పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు, వాకిట్లో వేపచెట్టు. మా పిల్ల నన్ను చూడగానే ఏడ్చేసింది. కళ్ల కింద నల్లటి చారలు. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో! వియ్యపురాలు ఇంట్లో లేదు, పత్తి ఏరడానికి పోయిందట. గూట్లో కొత్త పాల డబ్బా కనిపించింది. దాని పక్కన ప్లాస్టిక్ సీసా. చూడగానే నాకు వెన్ను జలదరించింది. ఎందుకో తర్వాత చెబుతాను.

"డబ్బా ఇంకా తెరవలేదు పెద్దమ్మా. నిన్న మాత్రం అత్తమ్మ బర్రె పాలల్ల నీళ్లు కలిపి నాలుగు చెంచాలు పోసింది" అంది పిల్ల.

డబ్బా తిప్పి చూపించాను. తల్లి పాలే బిడ్డకు మంచివని దాని మీదే రాసుంది. అలా రాయాలన్నది చట్టం. 1992లో మన దేశం ఒక చట్టం తెచ్చింది. డబ్బా పాలకూ, పాల సీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బాల మీద ముద్దులొలికే పసిపిల్లల బొమ్మలు వేయకూడదు. అమ్మేవాడి చేతే ఆ మాట రాయించారంటే అందులో ఎంత అవసరం ఉందో చూడండి!

పొద్దు వాలింది. సరిగ్గా ఆరు గంటలకు పాప మొదలుపెట్టింది. పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టకు ముడిచి, ముఖం కందగడ్డలా చేసుకుని ఒకటే ఏడుపు. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. మళ్లీ ఏడుపు. అప్పుడే చేను నుంచి వచ్చిన వియ్యపురాలు తలగుడ్డ తీయకుండానే "చూసినవా వదినె, పాలు లేక పోరి ఎట్ల ఏడ్వవట్టెనో! ఎన్నిసార్లు చెప్పినా డబ్బా పాలు పడ్తలేదు" అంది.

నా నాలుగు గట్టి మాటలూ నాలిక చివరిదాకా వచ్చాయి. ఇంతలో పక్కింటామె చాటలో పల్లికాయలు పట్టుకుని అరుగు మీదకు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పాపను అందుకుని, భుజాన వేసుకుని, వీపు మీద నెమ్మదిగా తడుతూ వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. "గిది ఆకలి ఏడుపు గాదే. సందకాడి ఏడుపు. నా ఐదుగురు పిల్లలల్ల ముగ్గురు గిట్లనే ఏడ్సిండ్రు. నాలుగో నెల నిండితే అదే పోతది, జెర ఓపిక పట్టుండ్రి" అంది.

ఆమె చదువుకున్న మనిషి కాదు. కానీ పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే. పుట్టిన రెండు వారాల తర్వాత పిల్లల ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. చాలామంది సాయంత్రం పూటే ఏడుస్తారు. పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, మిగతా వేళల్లో ఆడుకునే బిడ్డ సందకాడ ఏడ్చిందంటే పాలు లేవని అర్థం కాదు. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమరడం, ఎత్తుకుని తిరగడం, తొట్టెల ఊపడం, దీపాలు తగ్గించి సద్దు చేయకుండా ఉండడం, ఇవే మందులు. గ్రైప్ వాటర్లు అక్కర్లేదు.

అప్పుడు అల్లుడికి కూడా పని చెప్పాను. ఆటో నడిపి ఇంటికొచ్చిన పిల్లవాడు పాపను ముట్టుకోవడానికి భయపడుతూ దూరంగా నిలబడ్డాడు. "తండ్రి భుజం వెడల్పు బాబూ, నీ దగ్గర ఇంకా బాగా పడుకుంటుంది" అని చేతిలో పెట్టాను. పది నిమిషాల్లో పాప నిద్రపోయింది. అతని ముఖం చూడాలి!

ఎన్నడూ చెప్పని మాట

అన్నాలయ్యాక ఆడవాళ్లం అరుగు మీద చేరాం. ఎదురింటి కోడలూ వచ్చింది, చంకలో ఏడాది పిల్లాడు. పల్లికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట నేను ఆ రాత్రి చెప్పాను.

మా పెద్దవాడు పుట్టినప్పుడు నాకు మూడో నెలలో ఇలాగే అనిపించింది. మొదట్లో రాళ్లలా గట్టిగా ఉండే రొమ్ములు మెత్తబడ్డాయి. పాలు ఇంకిపోయాయనుకున్నాను. బంధువుల్లో ఒకావిడ నా పాలు పిండి చూసి "పల్చగా నీళ్లలా ఉన్నాయి, వీటితో బిడ్డ బతుకుతాడా?" అంది. ఆ మాట పట్టుకుని డబ్బా పాలు మొదలుపెట్టాను. డబ్బా ఖరీదు, నెలాఖరులో ఇంకో రెండు రోజులు రావాలని నీళ్లు ఎక్కువ పోసేదాన్ని. సీసా ఒక్కొక్కసారి కడిగేదాన్ని, ఒక్కొక్కసారి తొలిచేదాన్ని. నాలుగో నెలలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ఆసుపత్రిలో మూడు రోజులు సెలైను ఎక్కించారు. చిన్న చేతికి నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచారు. వాడు బతికాడు, ఇప్పుడు ఉద్యోగం కూడా చేస్తున్నాడు. కానీ ప్లాస్టిక్ పాల సీసా ఎక్కడ కనిపించినా నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

తర్వాత రెండో కాన్పులో ఒక నర్సమ్మ చెప్పింది. రెండు మూడు నెలలకు రొమ్ములు మెత్తబడడం సహజమట. బిడ్డకు ఎంత కావాలో ఒంటికి తెలిసిపోయి అంతే తయారుచేస్తుందట. బిడ్డ చీకే కొద్దీ పాలు ఊరతాయి, సీసా అలవాటు చేసే కొద్దీ తగ్గుతాయి. మొదట వచ్చే పాలు పల్చగానే ఉంటాయి, అవి దాహం తీరుస్తాయి. పోనుపోను చిక్కబడతాయి. అంతే! ఈ రెండు ముక్కలు నాకు మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే!

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వియ్యపురాలు చేతిలోని పల్లికాయ ఒలవకుండానే పట్టుకుని అంది: "నాకూ గదే భయం వదినె. వీడు నాలుగు నెలల పోరడప్పుడు మా అత్త కాడ ఇడిసి బొంబాయి పోయినం. అడ్వాన్సు దీసుకున్నం, పోకుంటె ఎట్ల? బర్రె పాలు, గంజి నీళ్లు పోసి సాదింది. వీడు ఎట్లనో దక్కిండు. తర్వాత పుట్టిన ఆడివిల్ల దక్కలే. రెండు దినాల వాంతులు, విరేచనాలు. నేను వచ్చేతలికి అయిపోయింది. గందుకే పోరి ఏడుస్తె నా పానం ఆగదు. ఆకలైతుందేమో, సాలకనే ఏడుస్తుందేమో అని..."

నేను సంచీ కంటే బరువుగా మోసుకొచ్చిన ఆ నాలుగు మాటలూ ఎక్కడికి పోయాయో! నిలదీయడానికి వచ్చినదాన్ని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమెది పెత్తనం అనుకున్నాను. చూస్తే అది కూడా నా భయం లాంటి భయమే. ఇద్దరం భయపడి ఆ చిన్న పిల్లను మధ్యలో నలుపుతున్నాం.

పక్కింటావిడ అప్పుడు తన సంగతి చెప్పింది. ఆమె తన పిల్లను వెంట తీసుకుపోయిందట. "ఆడ తాగే నీళ్లే కొనుక్కుంటుంటిమి. సీసా కడగనీకె నీళ్లేడివి, కాగవెట్టనీకె పొయ్యేడిది? తల్లి పాలకైతె పొయ్యక్కర్లే, గిన్నెక్కర్లే. యాడికి పోతె ఆడికి ఎంబడి వస్తయి. మట్టి తట్ట దించి, చెయ్యి కడుక్కోని, తాపి, మళ్ల తట్ట ఎత్తుకుంటుంటి."

ఎంత మాట! పక్కనే దుందుభి వాగు పారుతున్నా, వానలు లేని ఏట ఇసుక మేటలే చూసిన నేల ఇది. నీళ్ల విలువ తెలిసిన ఊరు. కడిగే నీళ్లూ, కాచే పొయ్యీ సరిగ్గా లేనిచోట సీసా పాలు ఎందుకు ప్రమాదమో డాక్టరమ్మ కంటే ఆమె బాగా చెప్పింది. ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని మనకు చెప్పేదీ ఇందుకే. ఎండాకాలమైనా అంతే, పాలలోనే కావలసినంత నీరుంది.

అలాగని డబ్బా పాలు పట్టిన తల్లులందరూ తప్పు చేశారని నేననను. తల్లికి జబ్బు చేసినప్పుడు, బిడ్డ బరువు నిజంగానే పెరగనప్పుడు డాక్టరే రాసిస్తారు. అప్పుడు కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీళ్లతో, గిన్నె చెంచాతో పట్టండి. మనసులో తప్పు చేశానన్న దిగులు పెట్టుకోకండి.

తూకం చెప్పిన నిజం

బుధవారం పొద్దున అందరం కలిసి అంగన్‌వాడీకి వెళ్లాం. అందరం అంటే నేను, మా పిల్ల, వియ్యపురాలు, ఎదురింటి కోడలు, చూడడానికి వచ్చిన పక్కింటావిడ! ఒక్క పాపకు ఇంతమందా అని టీచరు నవ్వింది.

మన దేశంలో ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. మన తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ, బాలింతలకూ అక్కడే ఒకపూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టసాగారు. మా పిల్ల సిగ్గుపడి పేరే రాయించుకోలేదు. "పేదోళ్లు తినేది అనుకుంటరేమో పెద్దమ్మా" అంది. అది దానం కాదమ్మా, నీ బిడ్డ హక్కు అని పేరు రాయించాను.

పాపను తూకం వేశారు. మా అందరి ఊపిరీ ఆగింది. పుట్టినప్పుడు రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఇప్పుడు ఐదు కిలోల రెండు వందలు! టీచరు కార్డులో చుక్క పెట్టి, పాత చుక్కలతో కలిపి గీత గీసింది. గీత పైకే పోతోంది. "ఐదో నెలకు పుట్టిన బరువుకు రెట్టింపు అయితే చాలంటరు, మీ పాప ఇప్పుడే దగ్గరికొచ్చింది. రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తుంది?" అని అడిగింది. ఏడెనిమిది బట్టలు తడుపుతుందని చెప్పింది పిల్ల. ఆరుసార్లు దాటితే పాలు సరిపోతున్నట్టేనట.

వియ్యపురాలు ఆ కార్డు చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూసింది. చదువు రాదు. గీత మీద వేలు పెట్టి, "గిది పైకేనా పోయేది?" అంది. నేను కార్డు తిప్పి పెట్టి, పైకేనన్నాను. ఆమె ఆ గీతను ఇంకోసారి వేలితో తడిమింది. ఇంటికి పోగానే పాల డబ్బా తీసి దుకాణంలో వాపసు ఇచ్చి రమ్మని కొడుకును పంపింది.

టీకాల సంగతీ చెప్పాలి. పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ ఒక్క సూదితో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లలో ఒక రకం, మెదడువాపునూ న్యుమోనియానూ తెచ్చే మరో క్రిమి, ఈ ఐదింటినీ అడ్డుకుంటుంది. దాంతోపాటు పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా చుక్కలు కూడా వేస్తారు. ఆ రాత్రి కొంచెం జ్వరం, సూది వేసిన చోట వాపు సహజం. నర్సమ్మ చెప్పిన కొలతలో పారాసిటమాల్ చుక్కలు వేసి పాలు ఎక్కువసార్లు ఇస్తే చాలు. వాపు మీద నూనె రాసి రుద్దకూడదు.

పాతవి ఏవి ఉంచాలి?

మధ్యాహ్నం మళ్లీ అరుగు మీద కూర్చున్నప్పుడు ఎదురింటి కోడలు నవ్వుతూ అడిగింది, "పెద్దమ్మా, మా అత్తలు చెప్పేవన్నీ తప్పేనా మరి?" అయ్యో, కాదమ్మా! మన పెద్దవాళ్లు చెప్పిన వాటిలో ఉంచుకోవలసినవే ఎక్కువ.

నూనెతో ఒళ్లు మర్దన చేసి గోరువెచ్చని నీళ్లు పోయడం మంచిదే. కాకపోతే ముక్కులో, చెవిలో నూనె పోయకండి. పసిబిడ్డ రొమ్ములు పిండవద్దు. కాటుక కళ్లకు పెట్టకండి, అరికాలిలోనో చెంప మీదో చుక్క పెడితే దిష్టి పోనే పోతుంది. సాంబ్రాణి పొగ ఊపిరితిత్తులకు పడదు, తల తుడిచి నీరెండలో కాసేపు కూర్చోబెడితే చాలు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకండి, అందులో ఉండే ఒక క్రిమి వాళ్లకు హాని. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టండి, మెత్తటి దిండ్లు వద్దు. దిష్టి తీయండి, తప్పులేదు. కానీ జ్వరం వస్తే దిష్టి తీసి ఊరుకోకండి.

బాలింతకు పథ్యం పేరుతో కడుపు మాడ్చడం మాత్రం మానుకుందాం. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు ఆరు వందల కేలరీల దాకా ఎక్కువ తిండి కావాలి. లెక్క చూస్తే అది పెద్ద విషయం కాదు, రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, గుప్పెడు పల్లీలు! పాలమూరులో ఇవి లేని ఇల్లుందా? పాలిచ్చేముందు ఒక గ్లాసు నీళ్లు తాగడం అలవాటు చేసుకోవాలి.

ఇక ఆలస్యం చేయకూడనివి కొన్ని. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ వయసులోనైనా పాలు పూర్తిగా మానేసినా, డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా, విరేచనంలో రక్తం పడినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోను చేయాలి. విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకుండా ఓఆర్ఎస్ తాగించాలి, జింకు మందు పద్నాలుగు రోజులూ వాడాలి. రెండో రోజుకే తగ్గిందని ఆపకూడదు.

తల్లి మనసునూ చూసుకోవాలి. మా పిల్లను ఆ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని అడిగాను, "పాప పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదా? ఏమీ చేయబుద్ధి కావడం లేదా?" అని. నాలుగు రాత్రులు నిద్రపోయాక తేరుకుంది కాబట్టి సరిపోయింది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది బద్ధకమో, గాలి సోకడమో కాదు, వైద్యం ఉన్న జబ్బు. 2022 నుంచి టెలిమానస్ అని 14416 నంబరు ఉంది. ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

ఆరో నెలకు పల్లీల ఉగ్గు

ఆరు నెలలు నిండాక పాలు ఇస్తూనే మెత్తటి తిండి మొదలుపెట్టాలి. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా అంగన్‌వాడీలో బాలామృతం పొడి ఇస్తారు. ఇంట్లో చేసుకోవాలంటే మేము అరుగు మీద అనుకున్న ఉగ్గు ఇది.

బియ్యం రెండు కప్పులు, పెసరపప్పు ఒక కప్పు, పల్లీలు అర కప్పు. బియ్యం, పప్పు కడిగి నీడన ఆరబెట్టి, విడివిడిగా దోరగా వేయించాలి. పల్లీలు వేయించి పొట్టు తీయాలి. బియ్యం, పప్పు మెత్తగా పట్టి జల్లించాలి. పల్లీలు వేరుగా పొడి కొట్టి కలపాలి, పలుకు ఉండకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. రెండు చెంచాల పొడి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కగా ఉడికించి, అర చెంచా నెయ్యి వేయాలి. చెంచా వంచితే జారిపోకుండా ఉండాలి, అప్పుడే బలం. మొదటి రోజు రెండు చెంచాలు చాలు. ఉమ్మేస్తే కోప్పడకండి, కొత్త రుచి కదా! ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వేయకండి. పల్లీల పొడి ఎక్కువ రోజులు నిలవ ఉంటే ముక్క వాసన వస్తుంది, పది రోజులకు సరిపడానే చేసుకోండి.

తిరుగు ప్రయాణం

అనుకున్న రెండు రోజులూ ఐదయ్యాయి. ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరితే వియ్యపురాలు ఐదు కిలోల పల్లికాయలు మూట కట్టి ఇచ్చింది. "ఏడాది నిండినంక మామిళ్లపల్లి నర్సింహస్వామి కాడ పుట్టెంటికలు దీపిస్తం. అప్పుడు రావాలె వదినె, చెప్పి పంపకున్నా రావాలె" అంది. మామిళ్లపల్లి ఈ మండలంలోదే. ఇంకా ఓపిక ఉంటే అచ్చంపేట దగ్గర కొండ మీది ఉమామహేశ్వరానికి కూడా పోదామన్నారు. ఈసారి మా వాళ్లందరినీ తీసుకుపోతాను.

బస్సులో కూర్చుని ఆలోచించాను. నేను ఆ ఇంటికి చెప్పింది పెద్దగా ఏమీ లేదు. సందకాడి ఏడుపు సంగతి పక్కింటావిడకు ముందే తెలుసు. తూకం అంగన్‌వాడీ టీచరు వేసింది. తల్లి పాల గొప్ప వలస పోయొచ్చిన మనిషి చెప్పింది. అన్నీ ఆ వీధిలోనే ఉన్నాయి. మా పిల్ల తలుపు వేసుకుని ఒక్కతే ఏడవడం వల్ల, వియ్యపురాలు పాత దుఃఖం లోపల పెట్టుకుని పైకి గదమాయించడం వల్ల అవి వాళ్లను చేరలేదు. అరుగు మీద కూర్చుంటే చేరాయి.

మా హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో అరుగులు లేవు. అందుకని వచ్చిన వారమే పై అంతస్తులో కొత్తగా పురుడు పోసుకున్న అమ్మాయి తలుపు తట్టి, "పాప సందకాడ ఏడుస్తుందా?" అని అడిగాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి రమ్మంది. వెళ్తూ వెళ్తూ గుప్పెడు ఉప్పునుంతల పల్లీలు తీసుకుపోయాను.

నిన్న మా పిల్ల ఫోను చేసింది. మళ్లీ పొద్దున్నే, మళ్లీ నా చేతిలో గరిటె. "పెద్దమ్మా, పాప బోర్లా పడింది! అత్తమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచుతుంది!"